పాలీహౌస్ కూరగాయల తెగుళ్లు: గాలి, గంధకం, జీవ మందు, రసాయన మందు... ఏది ఎప్పుడు?

బెంగళూరు చుట్టూ దొడ్డబళ్లాపురం, దేవనహళ్లి, హొసకోట, చిక్కబళ్లాపురం వైపు పాలీహౌసుల్లో (ప్లాస్టిక్ షీటు కప్పిన పంట ఇళ్లలో) క్యాప్సికం, కీరదోస, టమాటా వేసే తెలుగు రైతులు చాలామందే ఉన్నారు. ఆకు మీద మచ్చ కనబడగానే ఫోన్లో ఫోటో తీసుకెళ్లి షాపులో చూపించడం, వాళ్లిచ్చిన రెండు మూడు సీసాలు తెచ్చి ఒకే ట్యాంకులో కలిపి కొట్టడం మామూలైపోయింది. తగ్గితే అందులో ఏది పనిచేసిందో తెలీదు, తగ్గకపోతే ఏది దండగో తెలీదు. మందు పేరు వెతికే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి: వచ్చిన తెగులుకు ఆకు మీద తడి కావాలా, అక్కర్లేదా? దీన్నిబట్టే ఖర్చు ఇంటి పక్కలకు దించే కర్టెన్ల మీద పెట్టాలా, స్ప్రేయరు మీద పెట్టాలా అన్నది తెలుస్తుంది.

"గాలి బాగా ఆడితే ఏ తెగులూ రాదు" అనే మాట సగమే నిజం. కీరదోసలో బూజు తెగులు, టమాటాలో లేట్ బ్లైట్, బూడిదరంగు కుళ్లు (పువ్వును, కాయను కుళ్లబెట్టే వేరే తెగులు), ఇవన్నీ తడి ఉంటేనే బతుకుతాయి. బూడిద తెగులు అలా కాదు. దాని బీజాలు మొలకెత్తడానికి నీటి పొర అవసరం లేదు, నీళ్లు నిలిస్తే దెబ్బతింటాయి కూడా. అందుకే పాలీహౌస్‌ను పొడిగా ఉంచి బూజును అదుపు చేసిన చోట బూడిద తెగులు మిగిలిపోతుంది. ఒకదానికి వైద్యం చేస్తుంటే రెండోదానికి కాపలా ఉండాలి.

గుర్తుపట్టడం

కీరదోసలో బూజు తెగులు ఆకు పైభాగాన పసుపు మచ్చగా మొదలవుతుంది. మచ్చ గుండ్రంగా ఉండదు, ఈనెల మధ్య గళ్లు గళ్లుగా ఆగిపోతుంది. పొద్దున ఆరింటికి, మంచు ఆరకముందే ఆ ఆకును తిప్పి చూడండి. మచ్చకు సరిగ్గా కింద బూడిద, ఊదా కలిసిన సన్నని నూగు కనిపిస్తుంది. ఎండెక్కాక అదే ఆకు చూస్తే నూగు ఎండిపోయి ఉంటుంది, అప్పుడు పోషక లోపమనుకుని మెగ్నీషియం కొట్టేవాళ్లు ఉన్నారు. అనుమానమైతే మచ్చలున్న రెండు ఆకులను తడి కాగితంతో కలిపి పాలిథిన్ సంచిలో పెట్టి మూతి కట్టి రాత్రంతా ఉంచండి. బూజు తెగులే అయితే తెల్లారేసరికి అడుగున నూగు వస్తుంది.

కీరదోస మీద బూడిద తెగులు పౌడరు చల్లినట్టు ఆకు పైన తెల్లగా ఉంటుంది, వేలితో తుడిస్తే పోతుంది. శిలీంధ్రం పైపైనే పాకుతుంది, సోకిన మూడు నుంచి ఏడు రోజుల్లోనే బయటపడుతుంది.

క్యాప్సికం బూడిద తెగులు వేరే శిలీంధ్రం, లెవీల్యులా టారికా. ఇది ఆకు లోపల పెరిగి, అడుగునున్న రంధ్రాల గుండా బయటికి తెల్లగా వస్తుంది. పైన కనిపించేది పసుపు మచ్చలే. సోకిన రోజు నుంచి మచ్చ కనిపించడానికి దాదాపు మూడు వారాలు పట్టవచ్చు. అంటే మీరు తొలి మచ్చ చూసే రోజుకు ఇంట్లో ఎన్నో ఆకుల్లో అది చేరిపోయి ఉంటుంది. ఆకులు రాలిపోతాయి, నీడ పోయి కాయల మీద ఎండ దెబ్బ పడుతుంది. క్యాప్సికంలో అసలు నష్టం అదే. మిరప, టమాటా, వంగ కూడా దీనికి ఆతిథ్యం ఇస్తాయి కాబట్టి పక్కన మిరప చేను ఉంటే ఇంకా ముందే కాపలా మొదలవ్వాలి.

కీరదోస బూజు తెగులు: ముందు పొడి, తర్వాతే మందు

బూజు తెగులు కారకం అసలైన శిలీంధ్రం కాదు, నీటి బూజుల జాతికి చెందింది. బూడిద తెగులుకు కొట్టే గంధకం, హెక్సాకొనజోల్, టెబుకొనజోల్ లాంటివి దీనిమీద పనిచేయవు. షాపులో "తెగులు మందు" అని మాత్రమే అడిగితే జరిగే మొదటి పొరపాటు ఇదే.

దానికి కావాల్సింది ఆకు మీద నీటి పొర. ఇరవై డిగ్రీల దగ్గర రెండు గంటల తడి చాలు, లోపలికి దిగిపోతుంది. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, రాత్రులు చాలా నెలలు దానికి నచ్చే చల్లదనంలోనే ఉంటాయి, వానలు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లో పడతాయి. ఈ రెండు నెలల్లో పాలీహౌస్ కీరదోస ఏ మందు కొట్టారనే దానికన్నా రాత్రి ఆకు ఎన్ని గంటలు తడిగా ఉందనే దాన్నిబట్టే బతుకుతుంది.

తడి తగ్గించడంలో ఎక్కువ ఫలితం ఇచ్చేది కర్టెన్. సాయంత్రం ఐదింటికే పక్క కర్టెన్లన్నీ కిందిదాకా దించేయడం చాలాచోట్ల అలవాటు. పగలంతా మొక్కలు వదిలిన ఆవిరి లోపలే ఉండిపోయి, పొద్దుగూకి ప్లాస్టిక్ చల్లబడగానే నీటి చుక్కలై ఆకుల మీద రాలుతుంది. జూన్ నుంచి నవంబరు దాకా చలి కోసం మూయాల్సిన అవసరం ఇక్కడ పెద్దగా లేదు. జల్లు కొట్టే పక్కనే దించండి, దానికి అవతల, జల్లు పడని పక్కన పైభాగంలో జానెడు సందు రాత్రంతా వదిలేయండి. డిసెంబరు, జనవరిల్లో రాత్రి పదిహేను డిగ్రీల దాకా పడిపోతుంది, అప్పుడు మూయాల్సి వచ్చినా పొద్దుగూకే ముందు అరగంట అన్నీ తెరిచి తేమ బయటికి పంపాకే మూయాలి. తెల్లారి ఎండ పడగానే వెంటనే ఎత్తేయాలి. గాలి వేడెక్కినంత వేగంగా కాయ వేడెక్కదు, ఆ తేడాకు కాయ మీద, పువ్వు మీద నీరు పడుతుంది. బూడిదరంగు కుళ్లు మొదలయ్యేది అక్కడే.

నీళ్లు పొద్దునే పెట్టండి. సాయంత్రం డ్రిప్ వదిలితే రాత్రంతా బెడ్డు ఆవిరి పోస్తూనే ఉంటుంది. వేసవి కోసం పెట్టిన ఫాగర్లను (మంచులా నీళ్లు చిమ్మే నాజిళ్లను) వానాకాలంలో వాల్వు దగ్గరే కట్టేయాలి, చుక్కలు కారే ఒక్క నాజిల్ కింద ఐదారు మొక్కలకు ముందుగా తెగులు వస్తుంది. కోత పూర్తయిన కణుపుల కింద ముసలి ఆకులు వారానికోసారి తీసేసి సంచిలో వేసి బయటికి మోయాలి, సాలులోనే పడేస్తే లాభం లేదు. తేమ మీటరు కొంటే దాన్ని స్తంభానికి కాకుండా ఆకుల గుబురులోనే వేలాడదీయండి, ఆకు చుట్టూ ఉన్న తేమే మనకు కావాలి.

పురుగులు రాకుండా కట్టే నలభై, యాభై మెష్ (అంగుళానికి అన్ని కన్నులున్న) నెట్ గాలిని చాలా ఆపుతుంది, దుమ్ము పట్టాక ఇంకా ఎక్కువ. నెట్ తీసేస్తే తామర పురుగు, తెల్లదోమ వస్తాయి, వాటితో వైరస్ వస్తుంది. కాబట్టి నెట్ ఉంచాలి, నెలకోసారి పైపుతో కడగాలి.

ఇక మందుల పోలిక. మాంకోజెబ్ 75 శాతం పొడి లీటరుకు రెండు నుంచి రెండున్నర గ్రాములు. ఆకు మీదే ఉండి కొత్తగా పడే బీజాలను ఆపుతుంది, లోపలికి పోయిన తెగులును ఏమీ చేయలేదు. తెగులు దాన్ని తట్టుకోవడం నేర్చుకోవడం (నిరోధకత) అరుదు, అదే దాని బలం. కానీ కీరదోసను రోజు విడిచి రోజు కోస్తాం, మందు కొట్టాక కోతకు ఆగమని లేబుల్ మీద రాసిన విరామం అంతకంటే ఎక్కువ ఉంటుంది. అందుకే మాంకోజెబ్ మొదటి కోతకు ముందు నెలరోజులకే సరైన మందు.

మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిపిన మందు లీటరుకు రెండు గ్రాములు. ఒకప్పుడు దీనికి తిరుగు లేదు. మెటలాక్సిల్‌ను తట్టుకునే బూజు రకాలు ప్రపంచంలో చాలాచోట్ల వచ్చేశాయి, అలాంటి చోట ఈ ప్యాకెట్లో పనిచేసేది మాంకోజెబ్ భాగం మాత్రమే. దాని ధర ఇచ్చి ఆ పని కొనుక్కోవడం ఎందుకు? వరుసగా రెండు పంటల్లో ఇది వాడి ఫలితం తగ్గిందనిపిస్తే మూడోసారి కొనొద్దు. డైమెథోమార్ఫ్ 50 శాతం పొడి లీటరుకు ఒక గ్రాము, లేదా సైమోక్సానిల్, మాంకోజెబ్ మిశ్రమం లీటరుకు రెండు నుంచి మూడు గ్రాములు, ఇవి వేరే దారిలో పనిచేస్తాయి. సైమోక్సానిల్ సోకిన ఒకటి రెండు రోజుల్లో కొడితే వెనక్కి లాగుతుంది, దాని ప్రభావం కొద్ది రోజులకే తీరిపోతుంది. రాత్రంతా ఇల్లు తడిసిన మర్నాడు పనికొచ్చే మందు అదే. అజాక్సీస్ట్రోబిన్ 23 శాతం లీటరుకు ఒక మిల్లీలీటరు, బూజునూ బూడిదనూ రెంటినీ పడుతుంది. రెంటికీ పనిచేస్తుంది కదా అని ప్రతిసారీ అదే కొడితే బూడిద తెగులు శిలీంధ్రం త్వరగా తట్టుకోవడం నేర్చుకుంటుంది. పంటకాలంలో రెండుసార్లు, అవీ వరుసగా కాకుండా వాడితే చాలు.

ఈ తెగులుకు పిచికారీ ఎప్పుడూ పొద్దున, ఆకు ఆరాక. సాయంత్రం కొడితే మందుతోపాటు మీరే ఆకు మీద తడి పెట్టినట్టు.

బూడిద తెగులు: గంధకమా, లోపలికి పోయే మందా?

నీళ్లలో కరిగే గంధకం 80 శాతం లీటరుకు రెండు నుంచి మూడు గ్రాములు. ఖర్చు తక్కువ, నిరోధకత భయం లేదు, నల్లిని కూడా కొంత అదుపు చేస్తుంది. దాని ఇబ్బందులు పాలీహౌస్‌లో బయటికన్నా ఎక్కువగా ఉంటాయి. ముప్పై రెండు డిగ్రీలు దాటితే ఆకు అంచులు మాడతాయి, మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నం ప్లాస్టిక్ కింద అంతకు మించే ఉంటుంది. బాగా చల్లగా ఉంటే పనితనం తగ్గుతుంది. వేప నూనె గానీ ఇంకే నూనె గానీ కొట్టి రెండు వారాలు కాకుండా గంధకం కొడితే ఆకు కాలిపోతుంది. కీరదోస దోస జాతి, గంధకానికి సున్నితం, కాబట్టి రెండు గ్రాములు దాటకుండా ముందు ఒక సాలులో పది మొక్కల మీద కొట్టి రెండు రోజులు చూడండి. మరొకటి చాలామంది పట్టించుకోరు: పైకప్పు ప్లాస్టిక్‌లో ఎండను తట్టుకోవడానికి కలిపే పదార్థాలను గంధకం దెబ్బతీస్తుంది. తరచూ గంధకం వాడే ఇంట్లో షీటు ముందే పెళుసవుతుంది. షీటు కొన్నప్పుడు ఇచ్చిన వారంటీ కాగితం చదవండి, గంధకం మీద పరిమితి ఉందో లేదో చూడండి.

కీరదోసకు గంధకం సరిపోతుంది, ఎందుకంటే తెగులు పైపైనే ఉంటుంది. క్యాప్సికంలో మచ్చ కనబడ్డాక గంధకం ఆలస్యమే. అది లోపల ఉన్నదాన్ని చేరదు. క్యాప్సికంలో గంధకం వాడాలంటే నాటిన నెల నుంచే, మచ్చ లేకముందే, పది పన్నెండు రోజులకోసారి కొట్టాలి. మచ్చ వచ్చాక హెక్సాకొనజోల్ 5 శాతం లీటరుకు ఒకటి నుంచి రెండు మిల్లీలీటర్లు, లేదా అజాక్సీస్ట్రోబిన్, లేదా ఫ్లూయోపైరమ్, ఫ్లక్సాపైరాక్సాడ్ ఉన్న కొత్త మిశ్రమాలు, ఒక్కోటి ఒక్కో తీరులో పనిచేసే ఈ మూడు గుంపులూ మార్చి మార్చి కొట్టాలి. వ్యాపారనామం మారితే గుంపు మారినట్టు కాదు. సీసా మీద చిన్న అక్షరాల్లో ఉండే సాంకేతిక నామం చూడండి. హెక్సాకొనజోల్, టెబుకొనజోల్, డైఫెనోకొనజోల్, మైక్లోబ్యుటానిల్ అన్నీ ఒకే గుంపు. వీటిని ఒకదాని తర్వాత ఒకటి కొట్టి "మందులు మార్చాను" అనుకుంటే శిలీంధ్రానికి మారినట్టేమీ ఉండదు.

ఈ గుంపు మందుల మోతాదు పెంచొద్దు. లేత కీరదోసకు ఎక్కువైతే కణుపుల మధ్య దూరం తగ్గి, ఆకు ముదురు ఆకుపచ్చగా గిడసబారి, పెరుగుదల రెండు వారాలు ఆగిపోతుంది. కొందరు దాన్ని మందు బాగా పట్టిందనుకుంటారు.

క్యాప్సికంలో ఏ మందైనా ఆకు అడుగున పడకపోతే వృథా. నాజిల్‌ను కిందినుంచి పైకి తిప్పి పట్టాలి. ఎదిగిన పంటకు ఎకరాకు సుమారు రెండువందల లీటర్లు పడుతుంది, పదహారు లీటర్ల ట్యాంకులు పన్నెండు పదమూడు. ఎనిమిది ట్యాంకులతో ఎకరం అయిపోయిందంటే పైఆకుల మీదే పోయిందని అర్థం.

జీవ మందులు ఎక్కడ సరిపోతాయి

జీవ మందు గొప్పదా రసాయనం గొప్పదా అనే వాదన వల్ల ఉపయోగం లేదు. ప్రతి జీవ మందుకూ ఒక చోటుంది, ఆ చోట వాడకపోతే డబ్బులు బెడ్డులో పోసినట్టే. ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం నేల తెగుళ్లకు: నారు కుళ్లు, వేరు కుళ్లు, ఎండు తెగులు. ఆకు మీద బూడిద తెగులుకు అది వైద్యం కాదు. రెండు కిలోల ట్రైకోడెర్మాను వంద కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, పది కిలోల వేప పిండితో కలిపి, చెమ్మ తగ్గకుండా నీడలో కుప్ప పోసి, గోనె కప్పి, పది పదిహేను రోజులు ఉంచి, మధ్యలో తిరగేసి, నాటే ముందు బెడ్లకు వేయాలి. చివకని ఎరువుతో చేస్తే కుప్ప వేడెక్కి శిలీంధ్రం చచ్చిపోతుంది. వేసిన రెండు వారాల లోపు వేళ్లకు కార్బెండజిమ్ గానీ కాపర్ గానీ పోస్తే పెట్టిన ఖర్చు పోయినట్టే.

బాసిల్లస్ సబ్టిలిస్ అనే మేలు చేసే బ్యాక్టీరియా ఆకు మీద పనిచేస్తుంది, కానీ ముందుజాగ్రత్తగానే. దాని అసలు విలువ కోతల కాలంలో తెలుస్తుంది: రసాయన మందుల విరామ గడువు ఆగలేని కీరదోసలో, వారానికోసారి లేబుల్ మోతాదులో కొడుతూ, మాంకోజెబ్ వదిలిన ఖాళీని నింపొచ్చు. కాపర్‌తో కలపకూడదు. బూడిద తెగులు మీద పెరిగే పరాన్నజీవి యాంపెలోమైసిస్ బాగా తేమ ఉంటేనే పనిచేస్తుంది. పొడి కోసం కర్టెన్లు ఎత్తే ఇంట్లో దానికి అవకాశం తక్కువ, ఇక్కడి పాలీహౌస్‌కు దాన్ని మొదటి ఎంపికగా తీసుకోవద్దు. హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క మైక్రోబియల్ కన్సార్షియం చాలామంది వాడతారు, మంచిదే. అది ముఖ్యంగా పోషకాలు అందించి మొక్క ఎదుగుదలకు తోడ్పడేది, వచ్చిన ఆకు తెగులును ఆపుతుందని కొనకండి.

జీవ మందు కొనేటప్పుడు తయారీ తేదీ, గడువు చూడండి, మే నెలలో ఎండ తగిలే అరలో పెట్టినదైతే తీసుకోవద్దు.

మొక్క వాడిపోతే

టమాటా, క్యాప్సికం పచ్చగా ఉండగానే ఒక్కసారిగా వాడితే మందు కొనే ముందు గ్లాసు నీళ్లు చాలు. మొదలు దగ్గర కాండం కోసి, ముక్క కింది కొసను నీళ్లలో వేలాడదీయండి. కొన్ని నిమిషాల్లో పాలలాంటి తెల్లని దారాలు కిందికి జారితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. ఏ శిలీంధ్ర మందూ దానికి పనిచేయదు. మొక్కను మట్టితో సహా తీసి, ఆ బెడ్డు నుంచి నీరు పక్క బెడ్డుకు పారకుండా చూడాలి, వచ్చే పంటకు వంగ వేరుమొక్క మీద అంటుకట్టిన టమాటా గానీ, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) సంచులు గానీ ఆలోచించాలి. దారాలు రాకుండా కాండం లోపల గోధుమరంగు చారలుంటే ఫ్యుజేరియం అనే శిలీంధ్రం కావచ్చు, మొదలు నల్లబడి కుళ్లితే ఫైటోఫ్తోరా అనే నీటి బూజు. ఫైటోఫ్తోరా ఉన్న చోట నీళ్లు తగ్గించడమే సగం వైద్యం. తేల్చుకోలేకపోతే వేళ్లతో సహా మొక్కను సంచిలో పెట్టి హెసరఘట్టలోనో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం (జీకేవీకే)లోనో శాస్త్రవేత్తలకు చూపించండి.

నేల శుద్ధికి ఫార్మలిన్ పోయడం ఇంకా కొన్నిచోట్ల ఉంది. అది క్యాన్సర్ కారకం, మూసిన ఇంట్లో కూలీలు పీల్చేది అదే, పైగా మంచి జీవులూ చస్తాయి. మార్చి చివర నుంచి మే మధ్యలో ఇల్లు ఖాళీగా ఉంటే బెడ్లు తడిపి, పారదర్శక పాలిథిన్ షీటు నేలకు అంటేలా పరిచి, అంచులు మట్టితో కప్పి, నాలుగు నుంచి ఆరు వారాలు వదలండి. నల్ల షీటు ఆ పని చేయదు. వానాకాలంలో ఇదే చేస్తే వేడి చాలదు.

నీళ్లు, కలపడం

ఇక్కడి బోరు నీళ్లు చాలాచోట్ల కఠినంగా, క్షారంగా ఉంటాయి. కాప్టాన్ లాంటి శిలీంధ్ర మందులు క్షార నీటిలో గంటల్లోనే విరిగిపోతాయి. పీహెచ్ (నీటి పులుపు, క్షారం కొలత) పట్టీతో చూసి, ఎక్కువుంటే సిట్రిక్ యాసిడ్‌తో ఆరు, ఏడు మధ్యకు తేవాలి. కాపర్ మందు మాత్రం దీనికి మినహాయింపు: పుల్లని నీటిలో రాగి ఎక్కువ కరిగి ఆకును కాలుస్తుంది. పొడి మందును ముందు బకెట్లో కొద్ది నీళ్లతో గుజ్జుగా కలిపి తర్వాత ట్యాంకులో పోయండి. మూసిన ఇంట్లో కొట్టేటప్పుడు గుడ్డ కట్టుకుంటే చాలదు, కార్ట్రిడ్జ్ మాస్క్ ఉండాలి, కర్టెన్లు తెరిచి ఉండాలి.

మేడ మీద చిన్న నెట్‌హౌస్‌లో పది కీరదోస తీగలున్నవాళ్లకు ఇంత సరంజామా అక్కర్లేదు. బూడిద తెగులు మొదట్లోనే ఒక వంతు పాలు, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ఎండ ఉన్న పొద్దున వారానికోసారి కొడితే చాలావరకు అదుపులో ఉంటుంది. వంట సోడా పదేపదే కొట్టొద్దు, కుండీల్లో సోడియం చేరి వేళ్లు దెబ్బతింటాయి.

కొట్టాలా, పీకేయాలా?

కీరదోస ఆఖరి రెండు మూడు వారాల్లో బూజు సగం ఆకులకు ఎక్కితే మందు ఖర్చు కాయల్లో తిరిగి రాదు. మిగిలిన కాయ కోసి కె.ఆర్. మార్కెట్‌కు పంపి పంట తీసేయండి. తీయడంలో వరుస ముఖ్యం. ముందు మొదలు దగ్గర కోసి, డ్రిప్ ఆపి, కర్టెన్లన్నీ మూసి రెండు మూడు ఎండ రోజులు తీగల మీదే ఎండనివ్వండి. ఆ తర్వాతే దారాలు విప్పి సంచుల్లో బయటికి తీయండి, పచ్చిగా లాగితే బీజాలు పక్క ఇంట్లోకి ఎగురుతాయి. కీరదోస బూజు, బూడిద తెగుళ్లు రెండూ బతికున్న దోస జాతి మొక్క మీదే ఉంటాయి. ఇంట్లో, గట్ల మీద బీర, సొర, దోస మొలకలు ఒక్కటీ లేకుండా రెండు వారాలు ఖాళీ ఉంచితే కొత్త పంట శుభ్రంగా మొదలవుతుంది. క్యాప్సికంకు ఇది అంత సులువు కాదు, పంటే తొమ్మిది పది నెలలు ఉంటుంది. అక్కడ మొదటి మచ్చ ఉన్న సాలుకు గుర్తు కట్టి, ఆ సాలు ఆకులు చివరగా ముట్టుకునేలా పనివాళ్ల దారి మార్చండి.